విశాఖలో ఉండి బ్యాటరీ కంపెనీ నడపాలంటే సెల్ తయారీతోనే మొదలుపెట్టాలా?

అమ్మా, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. గాజువాకలో ఉంటున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చేసి, మూడేళ్లుగా స్కూటర్ బ్యాటరీ ప్యాక్‌లు (చాలా సెల్స్ కలిపి కట్టిన పెట్టెలు) కట్టే ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూస్తున్నారు. రెండు బ్యాటరీ కంపెనీలు పెట్టిన శాస్త్రవేత్త క్రిస్టినా లాంపే ఓనెరుడ్ గురించి చదివాక మీకూ సొంతంగా బ్యాటరీ టెక్నాలజీ కంపెనీ పెట్టాలనిపించింది. సెల్ తయారీతోనే మొదలుపెట్టాలా, వైజాగ్‌లో ఉండి ఇది అయ్యే పనేనా, ఆడవాళ్లను నమ్మి డబ్బు ఎవరు పెడతారు అని అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇది అయ్యే పనే. కానీ సెల్ తయారీతో మాత్రం మొదలుపెట్టకండి. చాలా ఏళ్లు పారిశ్రామిక బ్యాటరీల సర్వీసులో, టెస్టింగ్‌లో ఉండి చెబుతున్న మాట ఇది. ఆవిడ గురించి రాసేవాళ్లు ఎక్కువమంది మొదటి కంపెనీ గురించి, అవార్డుల గురించి చెప్పి ఆపేస్తారు. మీకు పనికొచ్చేది ఆవిడ రెండో కంపెనీ. మొదటిదాని నుంచి రెండోదానికి ఎందుకు వెళ్లారో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఆవిడ స్వీడన్‌లో పుట్టారు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో అకర్బన రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి, అమెరికాలో ఎంఐటీలో పరిశోధన చేశారు. తర్వాత బెల్‌కోర్ ప్రయోగశాలలో బ్యాటరీల మీద పనిచేశారు. అక్కణ్ణించి ఆర్థర్ డి. లిటిల్ అనే కన్సల్టింగ్ సంస్థకు వెళ్లి, అక్కడి బ్యాటరీ ల్యాబ్ నడిపి, భాగస్వామి స్థాయికి ఎదిగారు. ఈ దశను చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. కన్సల్టింగ్ ల్యాబ్‌కు రకరకాల కంపెనీల సమస్యలు వస్తాయి. ఒకరి సెల్ ఎందుకు ఉబ్బింది, ఇంకొకరి ప్యాక్ ఎందుకు కాలింది, మూడోవాళ్లకు రెండేళ్లకే కెపాసిటీ ఎందుకు పడిపోయింది అన్నవన్నీ ఒకే బల్ల మీద కనిపిస్తాయి. సొంత కంపెనీ పెట్టేనాటికే ఆవిడకు ఎంతోమంది పోగొట్టుకున్న డబ్బు వెనక కారణాలు తెలుసు. మీరు క్వాలిటీలో ఉండటం ఆ రకంగా మంచి చోట ఉండటమే. ఆ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి.

2005లో బోస్టన్ పవర్ పెట్టారు. సొనాటా అనే సెల్ తయారు చేశారు. ల్యాప్‌టాప్‌లలో అప్పట్లో అందరూ వాడేది 18650 సెల్. పద్దెనిమిది మిల్లీమీటర్ల వ్యాసం, అరవై అయిదు మిల్లీమీటర్ల పొడవు; మీరు రోజూ చేత్తో పట్టుకునేదే. అలాంటి రెండు సెల్స్ పట్టే చోట ఒకే సొనాటా సెల్ పట్టేలా దాన్ని రూపొందించారు. కంపెనీ పెట్టిన మరుసటి ఏడాదే, 2006లో, సోనీ సెల్స్ కారణంగా డెల్ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. తయారీలో సెల్ లోపలికి చేరిన సన్నని లోహపు రేణువులు షార్ట్‌కు దారితీశాయి. ఆ దెబ్బతో బ్యాటరీ భద్రత అంటే కొనేవాళ్లకు కూడా అర్థమైంది. 2008 చివర్లో హెచ్‌పీ ఈ సెల్స్‌తో మూడేళ్ల వారంటీ ఉన్న బ్యాటరీలను ప్రకటించింది. ల్యాప్‌టాప్ బ్యాటరీకి ఏడాది వారంటీయే మామూలుగా ఉన్న రోజులవి.

అంటే సెల్ బాగుంది, పెద్ద కస్టమర్ దొరికాడు, పేరూ వచ్చింది. మరి కంపెనీ ఎక్కడ చిక్కుకుంది? ఫ్యాక్టరీ దగ్గర.

2009లో అమెరికా ప్రభుత్వం బ్యాటరీలకు, విద్యుత్ వాహనాలకు 240 కోట్ల డాలర్ల గ్రాంట్లు ప్రకటించింది. మసాచుసెట్స్‌లో ఫ్యాక్టరీ కట్టడానికి బోస్టన్ పవర్ 10 కోట్ల డాలర్లు అడిగింది. రాలేదు. 2011లో జీఎస్ఆర్ వెంచర్స్ అనే పెట్టుబడి సంస్థతో పాటు చైనా ప్రభుత్వ మద్దతుతో 12.5 కోట్ల డాలర్లు వచ్చాయి. దాంతో కంపెనీ బరువంతా చైనాకు మారింది. ఫ్యాక్టరీ లియాంగ్‌లో వచ్చింది. ఆవిడ సీఈఓ కుర్చీ నుంచి తప్పుకున్నారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ గ్రాంటు వచ్చి ఉంటే కథ బాగుండేదని చాలామంది అనుకుంటారు. అదే గ్రాంట్లలో 24.9 కోట్ల డాలర్లు దక్కించుకున్న ఏ123 సిస్టమ్స్ అనే బ్యాటరీ కంపెనీ 2012 అక్టోబర్‌లో దివాలా తీసింది. దాన్ని చైనాకే చెందిన వాన్‌షాంగ్ కొనుక్కుంది. గ్రాంటు రానివాళ్లూ అటే వెళ్లారు, వచ్చినవాళ్లూ అటే వెళ్లారు. సెల్ ఫ్యాక్టరీ పెట్టాక అది నిండా నడిచేటంత ఆర్డర్లు లేకపోతే, ఎంత మంచి కెమిస్ట్రీ ఉన్నా నెలనెలా డబ్బు కరిగిపోతుంది.

2012లో ఆవిడ కేడెంజా ఇన్నోవేషన్ పెట్టారు. ఈసారి లక్ష్యం ఫ్యాక్టరీ కాదు. సెల్ లోపలి చుట్టలను, మనవాళ్లు జెల్లీ రోల్ అంటాం కదా, సిరామిక్ ఫైబర్ గూడులో విడివిడిగా కూర్చోబెట్టి, వాటన్నిటినీ ఒకే పెట్టెలో పెట్టే నిర్మాణం ఆవిడ ఆలోచన. ఒక చుట్ట వేడెక్కి అదుపు తప్పినా పక్కదానికి మంట పాకకుండా ఆ గూడు అడ్డుకుంటుంది. ఈ డిజైన్‌ను ఇతర తయారీదారులకు లైసెన్స్‌కు ఇవ్వడమే కంపెనీ వ్యాపారం. న్యూయార్క్ రాష్ట్ర విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న వైట్ ప్లెయిన్స్‌లో 200 కిలోవాట్ అవర్ల ప్రదర్శన వ్యవస్థ కోసం ఆ సంస్థతో కలిశారు. రెండు కంపెనీల్లోనూ ఆవిడ భర్త పెర్ ఓనెరుడ్ టెక్నాలజీ వైపు చూశారు. సీఈఓ ఆవిడ, సీటీఓ ఆయన. మన ఇళ్లలో ఈ వాక్యం ఒకసారి గట్టిగా చదివి వినిపించవచ్చు.

ఆవిడ దారి ఒక్కటే దారి కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న ఆన్ మేరీ శాస్త్రి 2007లో శక్తి3 పెట్టి ఘనస్థితి బ్యాటరీల (లోపల ద్రవం బదులు ఘన పదార్థం ఉండేవి) మీద పనిచేశారు. 2015లో డైసన్ ఆ కంపెనీని 9 కోట్ల డాలర్లకు కొన్నది. డెనిస్ గ్రే దారి వేరు. జనరల్ మోటార్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వోల్ట్ కారు బ్యాటరీ పనిలో ముందుండి, తర్వాత ఎల్‌జీ వాళ్ల మిషిగన్ బ్యాటరీ కంపెనీకి సీఈఓ అయ్యారు. తాను పెట్టని కంపెనీని నడపడం కూడా నాయకత్వమే. మీకు ఉద్యోగంలోనే ఎదిగే అవకాశం వస్తే దాన్ని తక్కువగా లెక్కపెట్టకండి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సెల్ తయారీ ఎందుకు వద్దంటున్నానో లెక్కతో చెబుతాను. 2021లో కేంద్రం అడ్వాన్స్‌డ్ సెల్స్‌కు పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే) పథకం ఆమోదించింది. 18,100 కోట్ల రూపాయలు, 50 గిగావాట్ అవర్ల లక్ష్యం. అందులో చేరాలంటే కనీసం 5 గిగావాట్ అవర్ల ఫ్యాక్టరీ కట్టాలి, ఒక్కో గిగావాట్ అవర్‌కు కనీసం 225 కోట్లు పెట్టాలి. అంటే గుమ్మం దగ్గరే వెయ్యి కోట్లు దాటింది. 2022లో ఎంపికైనవాళ్లలో రిలయన్స్, ఓలా లాంటి పేర్లున్నాయి. ఆ ఆట మనది కాదు. చిన్న ఫ్యాక్టరీ పెట్టి చైనా ధరతో పోటీ పడదామన్నా అది నిలబడదు.

దీనికి తోడు మన ఊరి గాలి. లిథియం సెల్ కట్టే గదిలో తేమ దాదాపు ఉండకూడదు. సెల్ లోపలి ద్రవమైన ఎలక్ట్రోలైట్‌లోని లిథియం ఉప్పు నీటితో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది సెల్‌ను లోపలినుంచే తినేస్తుంది. అందుకే డ్రై రూమ్‌లో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలు, ఇంకా కిందికి ఉంచుతారు. మే నెలలో బీచ్ రోడ్డులో నిలబడితే చొక్కా ఒంటికి అతుక్కునే ఊళ్లో ఆ గాలిని అంతగా ఎండగట్టడానికి ఎంత కరెంటు కాలుతుందో మీరు కెమికల్ ఇంజనీరు కాబట్టి గాలిలో తేమ లెక్కలు చూపే సైక్రోమెట్రిక్ చార్టు ముందు పెట్టుకుని మీరే వేసుకోండి. పొడి వాతావరణం ఉన్న చోట ఇదే ఖర్చు తక్కువ. అసాధ్యమని కాదు, సముద్రపు ఒడ్డున కూడా సెల్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. కానీ మీ మొదటి రూపాయి అక్కడ పోయకూడదు.

విచిత్రంగా అదే గాలి మీకు బలం కూడా. మన ఊళ్లో ఉప్పుగాలికి తట్టుకున్న ప్యాక్ దేశంలో ఏ తీరంలోనైనా తట్టుకుంటుంది. ప్యాక్ ఇంజనీరింగ్, భద్రత, టెస్టింగ్: నా దృష్టిలో మీ కంపెనీ ఇక్కడ పుట్టాలి. ఇది రెండో తరగతి పని అని ఎవరైనా అంటే నమ్మకండి. 2022లో మన రాష్ట్రంలోనే విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ఏడాది దేశమంతా అలాంటి వార్తలు వచ్చాకే విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకున్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేశారు. మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక సెల్ అదుపు తప్పినా ప్యాక్ అంతా అంటుకోకూడదన్న పరీక్ష అందులో ఉంది. కేడెంజా పట్టుకున్న సమస్యా ఇదే, మీరు రోజూ చూసే ప్యాక్‌లో ఉన్న సమస్యా ఇదే.

మంట ఎలా పాకుతుందో మీకు తెలిసే ఉంటుంది, అయినా క్రమం చెబుతాను. ఎందుకంటే ఈ గొలుసులో ఏ లంకె దగ్గర మీరు అడ్డం పడతారన్నదే మీ కంపెనీ. సెల్ లోపల పాజిటివ్, నెగెటివ్‌లను విడదీసే పాలిథీన్ సెపరేటర్ సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పాజిటివ్, నెగెటివ్ తగులుకుంటాయి. వేడి ఇంకా పెరిగితే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న ఎన్ఎంసీ కెథోడ్ (పాజిటివ్ వైపు పదార్థం) నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది, ఎలక్ట్రోలైట్ మండుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వాడే ఎల్ఎఫ్‌పీ సెల్స్‌లో ఆక్సిజన్ అంత తేలిగ్గా ఊడదు కాబట్టి కొంత నయం. అలాగని వదిలేయకూడదు, దాని నుంచి వచ్చే వాయువులు కూడా మండేవే. పక్క సెల్‌కు వేడి పోయే దారి మూయాలా, వాయువు బయటికి పోయే దారి తెరవాలా, బ్యాటరీని గమనించి నియంత్రించే బీఎంఎస్ ముందే పసిగట్టి ఆపేయాలా? ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని లోతుకు దిగండి. అన్నీ మేమే చేస్తామనే కంపెనీలను చాలా చూశాను. కస్టమర్‌కు వాళ్ల పేరు గుర్తుండదు.

ఉప్పుగాలి సంగతికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ మీకు పోటీ తక్కువ. సెల్స్‌ను కలపడానికి స్వచ్ఛమైన నికెల్ స్ట్రిప్ అని అమ్మేదాంట్లో చాలావరకు నికెల్ పూత వేసిన ఇనుపరేకే. దాన్ని గీరి ఉప్పునీళ్లలో ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి తుప్పు బయటపడుతుంది. ఆ రేకుతో కట్టిన ప్యాక్ హైదరాబాద్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది, భీమిలి రోడ్డులో తిరిగే స్కూటర్‌లో వెల్డ్ దగ్గర నిరోధం పెరిగి వేడెక్కుతుంది. బీఎంఎస్ బోర్డు మీద తేమ తగలకుండా వేసే కన్ఫార్మల్ కోటింగ్ సరిగ్గా లేకపోతే ఓల్టేజీ కొలిచే సెన్స్ వైర్ల దగ్గర పచ్చని చిలుము పట్టి ఓల్టేజీలు తప్పు చూపిస్తుంది. అయిదు శాతం ఉప్పు ద్రావణం, 35 డిగ్రీలు, ఇది సాల్ట్ స్ప్రే పరీక్ష ప్రమాణం. దానికి ఛాంబర్ పెద్ద ఖర్చు కాదు. మీ మొదటి యంత్రం సీఎన్‌సీ కాదు, లేజర్ వెల్డర్ కాదు, ఆ ఛాంబరూ ఒక మంచి సెల్ టెస్టరూ అయితే బాగుంటుందని నా అభిప్రాయం.

కస్టమర్లు ఎవరని మీరు అడగలేదు గానీ అదే అసలు ప్రశ్న. స్కూటర్ల వెంట పడకండి, అక్కడ ధర తప్ప ఇంకేమీ మాట్లాడరు. ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. బోట్లలో లైట్లకు, జీపీఎస్‌కు, వైర్‌లెస్‌కు ఇప్పటికీ లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఎక్కువ. నాలుగు ఎల్ఎఫ్‌పీ సెల్స్ వరసగా కలిపితే 12.8 ఓల్టులు, అంటే పాత బ్యాటరీ స్థానంలో నేరుగా కూర్చుంటుంది. 2023 నవంబర్‌లో అదే హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు తగలబడ్డాయి. మంట అంటే అక్కడివాళ్లకు ఎంత భయమో ఊళ్లో అందరికీ తెలుసు. మంట పాకని ప్యాక్ అని మీరు పరీక్ష చేసి కళ్లముందు చూపిస్తే వినేవాళ్లు అక్కడ ఉంటారు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఇన్వర్టర్లు, సెల్ టవర్లు చచ్చిపోయిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆస్పత్రులకు, అపార్ట్‌మెంట్లకు, టవర్లకు బ్యాకప్ అంటే మన ఊళ్లో వాదించి ఒప్పించాల్సిన పని లేదు.

మన ఊరికి బ్యాటరీలు కొత్త కాదని కూడా గుర్తుంచుకోండి. బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర 1969 నుంచి 2001 వరకు నేవీలో పనిచేసిన డీజిల్ ఎలక్ట్రిక్ జలాంతర్గామి. నీళ్ల కింద అది నడిచింది నేల కింది గదుల్లోని బ్యాటరీల మీదే. ఛార్జింగ్‌లో పుట్టే హైడ్రోజన్‌ను కొలవడం, గాలి ఆడించడం అక్కడ ప్రాణాలతో ముడిపడిన పని. మన ఊళ్లోని నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌లో రూపొందిన వరుణాస్త్ర టార్పెడో కూడా బ్యాటరీతోనే నడుస్తుంది. ఈ సంస్థల నుంచి, డాక్‌యార్డ్ నుంచి రిటైరైన బ్యాటరీ మనుషులు ఈ ఊళ్లోనే ఉన్నారు. రహస్యాలు అడగక్కర్లేదు, భద్రతా క్రమశిక్షణ నేర్చుకోండి. అలాంటి ఒక పెద్దాయన మీ యూనిట్‌లో వారానికి ఒక పూట కూర్చుంటే ఎంత తేడా వస్తుందో నేను చూశాను.

డబ్బు సంగతి. మీ భయం అర్థమవుతుంది. నేను నా యూనిట్‌కు లోన్ కోసం వెళ్లినప్పుడు ఒక బ్యాంకులో ఫైలు తెరవకుండానే "మీవారు రాలేదా" అని అడిగారు. ఇంకో బ్రాంచికి వెళ్లాను, అక్కడ అయింది. సీజీటీఎంఎస్ఈ అనే రుణ హామీ పథకం కింద తాకట్టు లేకుండా లోన్ ఇచ్చే వెసులుబాటు ఉంది. మహిళల యూనిట్లకు హామీ వాటా కూడా ఎక్కువ. కంపెనీలో మీ వాటా 51 శాతానికి తగ్గకుండా చూసుకోండి, మొదటి రోజునే రాతలో పెట్టుకోండి. కొత్త కంపెనీలకు తోడ్పడే ఐఐఎం విశాఖపట్నం ఇంక్యుబేటర్ ‘ఫీల్డ్’కు, ఆంధ్రా యూనివర్సిటీ ఏ-హబ్‌కు వెళ్లి మాట్లాడండి. చోటు, డబ్బు కంటే ముఖ్యంగా మీ లెక్కలు చూసి కఠినంగా ప్రశ్నించే మనుషులు అక్కడ దొరుకుతారు.

పేటెంట్ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తుదారులు కంపెనీలు కాక అందరూ వ్యక్తులే అయి, వాళ్లలో ఒక మహిళ ఉంటే పరీక్షను వేగంగా జరపమని కోరవచ్చు. మన రాష్ట్రానికి చెన్నై పేటెంట్ ఆఫీసు. అయితే దరఖాస్తు చేసేముందు ఇప్పటి ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా మీరు కనిపెట్టింది ఎవరిదని అందులో ఏం రాసి ఉందో చూడండి. యూనిట్ డేటా, కస్టమర్ల పేర్లు, ఫోటోలు ఏవీ మీ వెంట రాకూడదు. మీ బుర్రలో ఉన్న అనుభవం మీదే, ఫైలు మీది కాదు. ఈ తేడా మొదట్లో పాటించినవాళ్లకు తర్వాత పెట్టుబడి పెట్టేవాళ్ల లాయర్ల ముందు టెన్షన్ ఉండదు.

ఒక ఆచరణ ఇబ్బంది కూడా చెప్పాలి. వాహనాల ప్యాక్‌లకు సర్టిఫికెట్ కావాలంటే పుణేలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి గుర్తింపు ఉన్న వాహన పరీక్షా సంస్థకు పంపాలి. విడి లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపనివ్వరు. సరుకు విమానంలోనైనా 30 శాతానికి మించి ఛార్జ్ ఉండకూడదు. కాబట్టి రోడ్డు మార్గమే. వెళ్లడానికి, క్యూలో ఉండటానికి, ఫెయిలైతే మార్చి మళ్లీ పంపడానికి అయ్యే నెలలను కూడా మీ ఖర్చుల పట్టికలో రాసుకోండి. ఈ కాలానికి జీతాలు ఎక్కణ్ణించి వస్తాయో ముందే చూసుకోండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. మీ సొంత డబ్బుతో, బహిరంగ మార్కెట్లో కొన్న ఎల్ఎఫ్‌పీ సెల్స్‌తో నాలుగు సెల్స్ ప్యాక్‌లు కొన్ని కట్టండి. సెల్స్‌ను వేరు చేసే గ్రేడింగ్‌లో కెపాసిటీ, ఐఆర్ (లోపలి నిరోధం), ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజీ (లోడ్ లేనప్పటి ఓల్టేజీ) మూడూ రాసి ఉంచండి. సగం ప్యాక్‌లు మామూలు పూతతో, సగం మీరనుకున్న రక్షణతో తయారు చేసి సాల్ట్ స్ప్రేలో పెట్టండి. వెల్డ్ దగ్గర నిరోధం ఎలా మారిందో వారం వారం కొలవండి. ఇంట్లో మాత్రం చేయకండి, ముఖ్యంగా పడగ్గదిలో, వంటింట్లో వద్దు. సరైన చోటు, పక్కన ఇసుక, మంటలార్పే ఏర్పాటు ఉండాలి. నాలుగైదు నెలల రీడింగులు చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి, వరస వరసా కూర్చుని చూసి చెబుతాను.